పూత కింద తుప్పు



మా నాన్నగారి రాజ్‌దూత్ మోటారు సైకిలు పదకొండేళ్లపాటు మా పెరట్లో, ఒకప్పటి పశువుల పాకలో, గోనెపట్టా కప్పుకుని నిలబడిపోయింది. ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. అమలాపురం చుట్టుపక్కల లంకల్లో ఆ బండి ఎక్కని ఏటిగట్టు లేదు. రేవు దగ్గర పడవలోకి ఎక్కించి, అవతలి ఒడ్డున దింపుకుని, మళ్లీ తన్ని స్టార్టు చేసుకుని వెళ్లేవారు. పెట్రోలు ట్యాంకుకు రెండు పక్కలా ఆయన మోకాళ్లు ఒరుసుకున్న చోట రంగు అరిగిపోయి, అరచేయంత మేర ఇనుము బయటపడి ఉంటుంది. ఆయన పోయాక నేను ఆ బండి జోలికి వెళ్లలేదు గానీ, ఆ రెండు చోట్లా తుప్పు పట్టకుండా ఏటా వానల ముందు కాస్త కొబ్బరినూనె రాస్తూ వచ్చాను. ట్యాంకు పైన చూసుకున్నాను, లోపల ఏం జరుగుతోందో ఎన్నడూ చూడలేదు.

పోయిన ఏడాది దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలనిపించింది. ప్లగ్గు తీసి తుడిచాం, పాయింట్లు రుద్దాం, కొత్త పెట్రోల్లో ఆయిలు కలిపి పోశాం. నాలుగో కిక్కుకు అందుకుంది. ఆ చప్పుడు విని మా అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. కాలువ వంతెన దాకా హాయిగా వెళ్లాను. అక్కడ రెండు మూడుసార్లు దగ్గి ఆగిపోయింది. పది నిమిషాలు ఊరుకుని తంతే అందుకుంది. ఇంకో ఫర్లాంగు వెళ్లి మళ్లీ ఆగింది. పాత బండ్లు నడిపినవాళ్లకు ఈ జబ్బు వినగానే తెలిసిపోతుంది. కార్బురేటరుకు పెట్రోలు అందడం లేదు.

ఇంటికి తోసుకొచ్చి, పెట్రోలంతా డబ్బాలోకి దింపి, ట్యాంకు కింద ట్యాపు విప్పాను. దాని జాలీకి అడ్డంగా ఉల్లిపొరంత పలచటి పెచ్చు ఒకటి అతుక్కుని ఉంది. గోటితో తీసి వెలుతురులో పట్టి చూశాను. ఒకవైపు తేనెరంగులో గాజులా నున్నగా ఉంది. తిరగేస్తే రెండోవైపు ఇటుకపొడి అద్దినట్టు ఎర్రగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. నాన్నగారు ఉండగానే ఒకసారి ట్యాంకు చెమర్చితే పట్నంలో ఒక షెడ్డుకు ఇచ్చారు. వాళ్లు లోపల ఎపాక్సీ పూత పోసి ఇచ్చారు. కారడం ఆగింది, డబ్బులిచ్చి తెచ్చుకున్నాం. కానీ లోపలి తుప్పును కడగకుండా, దాని మీదే పూత పోశారని ఆ పెచ్చు వెనకవైపు చూస్తే గానీ తెలియలేదు.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆ పెచ్చు గురించే. తుప్పు మీద పూత పోస్తే, ఆ పూత తుప్పుకు గొడుగు పట్టినట్టవుతుంది. గోడకు సున్నం వేసేటప్పుడు పాత పెచ్చులు గీకకుండా వేస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు. ట్యాంకు లోపలా అంతే. పూతకూ ఇనుముకూ మధ్య సందు మిగిలిపోతుంది. ఆ సందులోకి చెమ్మ చేరితే ఇక ఎండదు, బయటికి రాదు. పూత అలా నున్నగానే కనిపిస్తుంటుంది, కింద ఇనుము తరిగిపోతుంటుంది.

పెట్రోలు నిండిన ట్యాంకుకు నీళ్లెక్కడివని చాలామంది అడుగుతారు. ట్యాంకు మూతకు సన్నటి గాలి రంధ్రం ఉంటుంది. అది లేకపోతే పెట్రోలు కిందికి దిగదు. పగలు ఎండకు లోపలి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డాక బయటి గాలి లోపలికి వస్తుంది, దానితోపాటు తేమా వస్తుంది. మా కోనసీమ గాలిలో తేమకు కొరతేముంది! ఆ తేమ ట్యాంకు పైకప్పు లోపలివైపు చెమటలా పట్టి బొట్టుబొట్టుగా జారుతుంది. నీళ్లకంటే పెట్రోలు తేలిక, కాబట్టి నీరు నేరుగా అడుగుకు చేరుతుంది. అందుకే ట్యాంకుకు తుప్పు రెండు చోట్ల ముందు పడుతుంది. ఒకటి అడుగున మూలల్లో. రెండోది పైకప్పు లోపల, పెట్రోలు తగలని చోట. సగం ట్యాంకుతో నిలబెట్టిన బండికి రెండూ కలిసొస్తాయి.

ఇప్పుడు దీనికి ఇంకొకటి తోడైంది. మన దేశంలో పెట్రోల్లో కలిపే ఇథనాలు 2022 జూన్ నాటికి నూటికి 10 పాళ్లకు చేరింది. 2025 నాటికి 20 పాళ్లు అయింది. ఇథనాలు నీటిని ఇష్టంగా కలుపుకుంటుంది. కొంతవరకు ఆ నీరు పెట్రోల్లోనే కరిగి ఇంజనులో పడి కాలిపోతుంది, అది మేలే. కానీ నెలల తరబడి కదలకుండా ఉన్న ట్యాంకులో ఆ నీరు హద్దు దాటితే, ఇథనాలూ నీరూ రెండూ కలిసి పెట్రోలును విడిచిపెట్టి అడుగున వేరే పొరగా పేరుకుంటాయి. ఇనుముకు అది మంచిది కాదు. పైగా పాతకాలం పూతల్లో చాలావాటిని ఇథనాలును దృష్టిలో పెట్టుకుని తయారు చేయలేదు. అవి మెత్తబడి ఉబ్బి ఊడిపోతాయి. పాత ట్యాంకులో ఉన్నట్టుండి పెచ్చులు లేస్తుంటే దీన్ని కూడా అనుమానించాలి.

మా మేస్త్రి గారు చిన్నప్పటి నుంచీ మా బండి చూసినాయన. ట్యాంకు చేతిలోకి తీసుకుని ఊపి, లోపల గలగల విని, "ఆయ్, ఇదేముందండి మాస్టారూ! రెండు గుప్పెళ్లు గులకరాళ్లేసి, గోనెలో చుట్టి ట్రాక్టరు చక్రానికి కట్టేద్దామండి. పూటలో ఊడిపోద్ది," అన్నారు. ఆ పద్ధతి పల్లెల్లో చాలాచోట్ల ఉంది, తుప్పు రాలుతుంది కూడా. నేను ఒప్పుకోలేదు. ట్యాంకు అడుగు ఎంత పలచబడి ఉందో మాకు తెలియదు. రాళ్ల దెబ్బకు లోపలినుంచి సొట్టలు పొడుచుకొస్తాయి. ఇరుకు మూలల్లో చిక్కిన రాయి ఒకటి రెండు అక్కడే ఉండిపోయి, ఎప్పుడో ట్యాపు దగ్గర తేలుతుంది. అన్నిటికంటే, మోకాళ్లు ఒరిసిన ఆ రెండు చోట్లా గోనె రాపిడి తగలడం నాకు ఇష్టం లేదు. ఆ మాట చెప్పాక మేస్త్రి గారు మళ్లీ ట్రాక్టరు ఊసెత్తలేదు.

నేను జూనియర్ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పి రిటైరైన వాడిని. కాబట్టి ముందు చిన్న పరీక్ష పెట్టాను. ఎవరైనా సరే ఈ పరీక్ష పెట్టుకోకుండా ట్యాంకులో ఏదీ పోయకండి. ఆ పెచ్చునే మూడు ముక్కలు చేసి, మూడు ఆవకాయ సీసాల్లో వేశాను. ఒకదానిలో పెట్రోలు, ఒకదానిలో మామూలు పెయింటు థిన్నరు, ఒకదానిలో అసిటోను. మర్నాడు పొద్దున చూస్తే పెట్రోల్లో ముక్క అలాగే ఉంది. థిన్నరులో అంచులు కొద్దిగా వంగాయి. అసిటోనులో ముక్క నీళ్లలో నానిన అప్పడంలా ఉబ్బి, పుల్లతో నొక్కితే మెత్తగా వంగింది. గట్టిపడిన ఎపాక్సీ అసిటోనులో చక్కెరలా కరిగిపోదు. ఉబ్బుతుంది, పట్టు వదిలేస్తుంది. మనకు కావలసింది అదే.

డైక్లోరోమీథేన్ ఉన్న పెయింటు రిమూవరు వాడితే గంటల్లో పనైపోతుందని నాకు తెలుసు. అది నేను వాడలేదు, మిమ్మల్నీ వాడమనను. దాని ఆవిరి ఊపిరితిత్తుల్లోకి వెళ్లాక శరీరం దాన్ని కార్బన్ మోనాక్సైడుగా మారుస్తుంది. తలుపులు మూసిన గదిలో దానితో పనిచేసి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. నాలుగు రోజులు ఎక్కువ పడితే పడనివ్వండి.

అసిటోనూ చిన్నదేం కాదు. 56 డిగ్రీలకు మరుగుతుంది. మంచు గడ్డకట్టే చలిలో కూడా దాని ఆవిరి నిప్పందుకుంటుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల వెంట పాకి దూరాన ఉన్న పొయ్యిని చేరగలదు. అందుకే ఇంటికి దూరంగా కొబ్బరిచెట్ల కింద బల్ల వేసుకున్నాను. బీడీ, అగరుబత్తి, స్విచ్చి, ఏదీ దరిదాపుల్లో ఉండకూడదు. ఎండ తగలకూడదు, మూసిన ట్యాంకు వేడెక్కితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. డాక్టర్లు వాడే పలచటి గ్లోవ్సు అసిటోనుకు నిలవవు, మందపాటి రబ్బరువి వేసుకోవాలి.

ముందు ట్యాంకును సబ్బునీళ్లతో పెట్రోలు వాసన పోయేదాకా కడిగి ఆరబెట్టాను. అసిటోను బొట్టు పడితే పై రంగు నిమిషంలో లేచిపోతుంది. అందుకని మూతి చుట్టూ కొవ్వొత్తి మైనం కరిగించి గట్టులా పోశాను. చల్లటి అసిటోనుకు మైనం లొంగదు. ట్యాపు ఉండే రంధ్రానికి సైకిల్ ట్యూబు ముక్క పెట్టి, పైన రేకు బిళ్లతో బిగించాను. మూతికీ అదే ట్యూబు రబ్బరు. కార్లకూ బండ్లకూ వాడే నల్లటి ఆయిలు రబ్బరు వాషర్లు పెట్రోలుకు నిలుస్తాయి గానీ అసిటోనులో ఉబ్బి పాడైపోతాయి. సైకిల్ ట్యూబు తట్టుకుంటుంది. ఈ ముక్క తెలియక నా మొదటి రెండు లీటర్ల అసిటోను రాత్రికి రాత్రి వాషరు పక్కనుంచి కారిపోయింది.

రెండో విడత రెండు లీటర్లు పోసి, ట్యాంకును ఒక పూట కుడి పక్కకు, ఒక పూట ఎడమ పక్కకు, ఒక రాత్రి తలకిందులుగా, ఇలా నాలుగు రోజులు తిప్పి తిప్పి పడుకోబెట్టాను. నాలుగో రోజు సాయంత్రం వంచితే, ట్యాపు రంధ్రంలోంచి ముందు తేనెరంగు ద్రవం, దాని వెనక మెత్తటి పొరలు పాలమీగడ జారినట్టు జారాయి. పొడుగాటి పొర ఒకదాన్ని పటకారుతో పట్టి మెల్లగా లాగితే జానెడు పైన వచ్చింది. దాని వెనకంతా ఎర్రటి తుప్పు, ఇనుము ఒంటి మీది చర్మం ఒలిచినట్టు అచ్చు దిగి ఉంది. మేస్త్రి గారు దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఇంత సరుకు లోపలెట్టుకుని ఎలా నడిచిందండి ఇది," అన్నారు.

మూలల్లో మిగిలిన పూత కోసం పాత సైకిల్ చైను లోపల వేసి, చేత్తో పట్టుకుని ఊపాం. చైను ఒకే ముక్క, ఒక కొస బయటే ఉంటుంది, కాబట్టి లోపల ఏదీ చిక్కుకుపోదు. మూడు పూటలు, మార్చి మార్చి ఇద్దరం ఊపితే అడుగు దాదాపుగా తేలింది.

పూత పోయాక తుప్పు పని. దానికి ముందు ఇంకో కడుగుడు తప్పదు. ఈ బండిది టూ స్ట్రోక్ ఇంజను. ఆయిలు పెట్రోల్లోనే కలుపుతాం. ఏళ్ల తరబడి పెట్రోలు ఆవిరైపోయి మిగిలిన ఆయిలు జిడ్డు ఇనుముకు పట్టి ఉంటుంది. జిడ్డు మీద ఏ ఆమ్లమూ పనిచేయదు. బట్టల పొడి కలిపిన వేడినీళ్లతో రెండుసార్లు కడిగితే, లోపల నీరు ముత్యాల్లా విడిపోకుండా పలచగా పరుచుకుంది. జిడ్డు పోయిందనడానికి అదే గుర్తు.

తుప్పుకు నేను వాడింది నిమ్మ ఉప్పు, కిరాణా కొట్టులో దొరికేదే. ఇత్తడి బిందెకు చింతపండు రాసి తోమే మన ఇళ్లలో ఈ విద్య కొత్తదేం కాదు. చింతపండులో ఉన్నదీ, నిమ్మ ఉప్పూ దగ్గరి చుట్టాల్లాంటి ఆమ్లాలే. నిమ్మ ఉప్పు తుప్పులోని ఇనుమును పీత డెక్కతో పట్టినట్టు పట్టుకుని నీళ్లలోకి లాగేస్తుంది. లీటరుకు 60 గ్రాముల లెక్కన, మా ట్యాంకుకు ముప్పావు కిలో పైచిలుకు పట్టింది. చెయ్యి పెట్టగలిగేంత వేడినీళ్లలో కలిపి, అంచుదాకా నింపాను. అంచుదాకా అన్నది ముఖ్యం. పైకప్పు తుప్పు మునగకపోతే అది అలాగే మిగిలిపోతుంది. గంటలోపే సన్నటి బుడగలు మొదలయ్యాయి, మర్నాటికి నీరు ఆకుపచ్చ కలిసిన పసుపు రంగుకు తిరిగింది. మూతి గట్టిగా బిగించకూడదు, లోపల హైడ్రోజను పుడుతుంది. ఒక రోజు దాటనివ్వకూడదు కూడా, తుప్పు అయిపోయాక ఆమ్లం మంచి ఇనుము మీద పడుతుంది.

బాత్రూములు కడిగే యాసిడ్ పోసే షెడ్లు ఉన్నాయి. అర్ధగంటలో ఇనుము తెల్లగా మెరుస్తుంది, చూసేవాళ్లు సంతోషిస్తారు. కానీ అందులోని క్లోరైడు అతుకుల సందుల్లో మిగిలిపోతుంది, నెల తిరక్కుండా అక్కడినుంచే మళ్లీ తుప్పు మొదలవుతుంది. దాని జోలికి వెళ్లవద్దు. బ్యాటరీ ఛార్జరుతో, బట్టల సోడా నీళ్లలో కరెంటు పద్ధతి చేసేవాళ్లకు ఒక్క మాట. లోపల వేలాడదీసేది మామూలు ఇనుప కడ్డీ అయి ఉండాలి. స్టీలు గరిటె పెట్టవద్దు, అందులోని క్రోమియం విషంగా మారి నీళ్లలో కలుస్తుంది. సోడాకు బదులు ఉప్పు వేయవద్దు, క్లోరిన్ వస్తుంది.

అన్నిటికంటే కష్టమైన ఘట్టం చివరి పది నిమిషాలు. ఆమ్లం దింపి, వంట సోడా నీళ్లతో కడిగి, మంచినీళ్లతో తొలిచి చూస్తే లోపల బూడిదరంగు ఇనుము, కొత్త కొడవలిలా ఉంది. ఆ ఆనందంలో ఫోను వస్తే మాట్లాడటానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అడుగంతా గంధం పూసినట్టు పసుపెరుపు. శుభ్రమైన తడి ఇనుము గాలి తగిలితే నిలబడదు, నిమిషాల్లో తుప్పు పట్టడం మొదలెడుతుంది. మళ్లీ కాస్త నిమ్మ ఉప్పు, మళ్లీ సోడా, మళ్లీ నీళ్లు. ఈసారి నీళ్లు వంచిన మరుక్షణం అర లీటరు అసిటోను పోసి గిరగిరా తిప్పి దింపాను. అది మిగిలిన తడినంతా తనతో తీసుకుపోయింది. సైకిలు పంపు గొట్టం లోపల పెట్టి, మేస్త్రి గారి అబ్బాయి చేత ఆగకుండా గాలి కొట్టించాం. ఎండిందనుకోగానే టూ స్ట్రోక్ ఆయిలు చిక్కగా కలిపిన అర లీటరు పెట్రోలు పోసి, అన్ని మూలలకూ తగిలేలా తిప్పాం. ఆ నూనె పొరే ఇక దానికి కాపలా.

ఇంతా అయ్యాక, నేను భయపడ్డదే జరిగింది. ట్యాపు పక్కన అతుకు వెంట రెండు చోట్ల సూదిమొన అంత తడి కనిపించింది. ఇన్నాళ్లూ ఆ రంధ్రాలను ఎపాక్సీయే కప్పి ఉంచింది. పాత పూత తీయాలనుకునేవాళ్లు దీనికి సిద్ధపడే దిగాలి.

ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి. పెట్రోలుండిన ట్యాంకును ఖాళీ అయింది కదా అని నేరుగా వెల్డింగుకు ఇవ్వకండి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి ఒకటిన్నర నుంచి ఏడున్నర పాళ్ల మధ్య ఉంటే, నిప్పురవ్వకు అది బాంబులా పేలుతుంది. ఖాళీ ట్యాంకులో అడుగున మిగిలిన చెంచాడు పెట్రోలు ఆ పాళ్లకు చాలు. మేము వేడి సబ్బునీళ్లతో ఇంకోసారి కడిగి, రంధ్రాలున్న వైపు పైకి పెట్టి, వాటికి ఇంచీ కిందిదాకా నీళ్లు నింపి, లోపల ఆవిరికి చోటు లేకుండా చేశాం. అప్పుడు రేడియేటర్లు బాగుచేసే ఆయన చేత, మంట చూపకుండా, కాల్చిన రాగి కడ్డీతో సీసం కరిగించి మాటు వేయించాం. ఆ నీళ్లు దింపాక అసిటోను, గాలి, నూనె, మొత్తం మళ్లీ మొదటినుంచి చేయవలసి వచ్చింది.

మళ్లీ పూత వేయిద్దామా అని మేస్త్రి గారు అడిగారు. వద్దన్నాను. శుభ్రమైన ఇనుముకు పెట్రోలూ నూనే సరిపోతాయి. వానాకాలమంతా నిలబెట్టాల్సి వస్తే పూర్తిగా దింపి, లోపల ఆయిలు తిప్పి పెడతాను. నడుపుతున్నన్నాళ్లూ ట్యాంకు నిండుగా ఉంచుతాను. అడుగంతా జల్లెడలా చిల్లులు పడ్డ ట్యాంకుకు పూత తప్పకపోవచ్చు. అలాంటప్పుడు ఇథనాలుకు తట్టుకుంటుందని రాసి ఉన్నదే కొనాలి. నేను చెప్పిన కడుగుడంతా అయ్యాకే పోయాలి. పోశాక మిగిలింది దింపెయ్యాలి, ట్యాపు రంధ్రం మూసుకుపోకుండా చూసుకోవాలి.

పూతను ఊడదీసిన అసిటోనును మురుగులోనూ, కాలువలోనూ పోయలేదు. మూత ఉన్న డబ్బాలో నాలుగు రోజులు ఉంచితే మడ్డి అడుగుకు దిగింది, పై తేట మళ్లీ పనికొచ్చింది. తుప్పు నీళ్లలో వంట సోడా వేసి పొంగు ఆగాక, పాత తొట్టిలో ఎండకు పెట్టాను. ఆ కాలువ నీళ్లే మా కింది ఊళ్లవాళ్లు తాగుతారు, వాళ్ల పొలాలకు పారుతాయి.

చివరికి ట్యాంకు బిగించకముందే, ట్యాపుకు రబ్బరు గొట్టం పెట్టి, కొత్త పెట్రోలు ఒక లీటరు గాజు సీసాలోకి దింపాం. సీసాను రాత్రంతా కదపకుండా ఉంచాం. పొద్దున్నే మేస్త్రి గారు వచ్చి, సీసాను సూర్యుడికి ఎదురుగా పట్టి అడుగు చూశారు. ఆవగింజంత ఎర్రటి మచ్చ ఒకటి ఉంది. "మళ్లీ దింపుదామండి," అన్నారు. దింపాం. రెండో సీసా అడుగున ఏమీ లేదు. అప్పుడు ట్యాంకును బండి మీద పెట్టి బోల్టులు బిగించి, మోకాళ్లు ఒరిసిన చోట వేలితో కాస్త కొబ్బరినూనె రాశాను.